ఆగమన్న రెండు వారాలు

నాకు శశికళ పరిచయమయ్యేనాటికి ఇదంతా జరిగి మూడేళ్లయింది. అప్పటికీ ఆమె ఫోనులో మాట్లాడేటప్పుడు ఒకచోట నిలబడేది కాదు. వంటింటి గోడకి తగిలించిన ఫోను తీగ ఎంత దూరం సాగితే అంత దూరం నడిచేది, తీగ బిగుసుకోగానే వెనక్కి తిరిగేది. "మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది" అని తనే నవ్వుతూ చెప్పింది.

వాల్తేరులో బోటనీ ఎమ్మెస్సీ చదివి, పెళ్లయ్యాక 1980లో కనెక్టికట్ వచ్చింది. సముద్రానికి దగ్గరగా, చుట్టూ అడవి ఉన్న చిన్న ఊరు. భర్త జగన్మోహన్ అక్కడి కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. నెమ్మదస్తుడు. ఏ పనైనా ఒకదాని తర్వాత ఒకటిగా జరిగితేనే ఆయనకి తృప్తి. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక శశికళ ఊరి చివరి మొక్కల నర్సరీకి వెళ్లి పని అడిగింది. యజమానురాలు డొరొతీ అరవయ్యేళ్ల మనిషి. తలుపు దగ్గరున్న మూడు కుండీలు చూపించి వాటి పేర్లేమిటో చెప్పమంది. శశికళ మూడింటికీ లాటిన్ పేర్లు చెప్పింది. "రేపు బూట్లు వేసుకుని రా" అంది డొరొతీ.

1986 జూన్ నెలకి శశికళకి ముప్పై రెండేళ్లు. కడుపుతో ఉంది, ఐదో నెల. అంతకు రెండేళ్ల ముందు ఒకసారి నాలుగో నెలలో గర్భం పోయింది. అప్పుడు రెండ్రోజులు నడుం నొప్పిగా ఉందని చెబితే డాక్టరూ, భర్తా, హార్ట్‌ఫర్డ్‌లోని స్నేహితురాలూ అందరూ "ఆగి చూడు" అన్నారు. ఆగింది. తొందరపడినా ఆ బిడ్డ నిలిచేది కాదని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమె విన్నది గాని నమ్మలేదు.

ఒక సోమవారం సాయంత్రం ఇంట్లో మెట్లెక్కుతుంటే వెనక వస్తున్న జగన్మోహన్ ఆపాడు.

"శశీ, మోకాలి వెనక ఏమిటది? ఎక్కడైనా తగిలిందా?"

అద్దానికి వీపు పెట్టి, చేతిలో ఇంకో అద్దం పట్టుకుని చూసుకుంది. చిన్న పూరీ అంత మచ్చ. ఎర్రగా లేదు. ఆమె చామనఛాయ మీద అది కమిలిన దెబ్బలా, ఊదా కలిసిన కాఫీ రంగులో ఉంది. నొప్పి లేదు, దురద లేదు. వేలు పెడితే మాత్రం చుట్టూ ఉన్న చర్మం కంటే వెచ్చగా తగిలింది.

"కుండీల బండి తగిలి ఉంటుందిలే" అంది. కానీ ఏ దెబ్బా ఆమెకి గుర్తు లేదు.

మర్నాడు నర్సరీలో ఆ మచ్చ చూపించగానే డొరొతీ ముఖం మారిపోయింది. డొరొతీ కొద్దిగా కుంటుతుంది. అది వయసు వల్ల అనుకునేది శశికళ. అసలు సంగతి ఆ రోజు తెలిసింది. పదేళ్ల కిందట డొరొతీ తొడ మీద ఇలాంటి మచ్చే వచ్చి, దానంతటదే పోయింది. కొన్ని నెలలకి మోకాళ్లు బుడగల్లా వాచాయి. ఒక డాక్టరు కీళ్లవాతం అన్నాడు, ఇంకో డాక్టరు భర్త పోయిన దిగులన్నాడు. ఇదొక జబ్బనీ, లేళ్ల మీద బతికే పిడుదు కరిస్తే వస్తుందనీ తేలేసరికి ఆమె మోకాలు పాడైపోయింది. పక్క ఊరి పేరే ఆ జబ్బుకి పెట్టారు, లైమ్ డిసీజ్ అని.

"నన్నేదీ కరవలేదే" అంది శశికళ. ఆమెకి తెలిసిన పిడుదు గేదెల చెవుల్లో ఉండేది, చింతగింజంత.

"ఇక్కడివి గసగసాలంత ఉంటాయి. కరిచినట్టు నాకూ తెలియలేదు. ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు. వచ్చే వారం కాదు" అంది డొరొతీ.

శశికళ ఆ మధ్యాహ్నమే తన కాన్పు డాక్టరు లోగన్ దగ్గరికి వెళ్లింది. చెడ్డవాడు కాడు. వేళకి ఫోన్ ఎత్తే మనిషి. పుస్తకం తీసి బొమ్మ చూపించాడు. తెల్లటి చర్మం మీద గులాబీ రంగు వలయం, మధ్యలో చుక్క.

"నీ మచ్చ ఇలా లేదు. వలయం లేదు, ఎరుపు లేదు. తామర కావచ్చు, ఏదైనా ఆకు రాసుకుని ఉండవచ్చు. పూత మందు రాస్తాను. నీకు అనుమానంగా ఉంది కాబట్టి లైమ్‌కి రక్తం కూడా పంపుతాను. రెండు వారాల్లో వస్తుంది. అప్పుడు చూద్దాం."

"ఒకవేళ అదే అయితే?"

ఆయన ఆమె ఫైలు తిప్పాడు. "టెట్రాసైక్లిన్ కడుపుతో ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. బిడ్డ పళ్లకీ ఎముకలకీ మంచిది కాదు. పెన్సిలిన్ పడదని నువ్వే రాశావు. ఇక మిగిలింది ఎరిత్రోమైసిన్. అది ఈ జబ్బుకి ఎంత బాగా పనిచేస్తుందో తెలియదు. ఉందో లేదో తెలియని దానికి ఇప్పుడే మందులెందుకు? ఆగుదాం."

ఆ మాటతో ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంటికి వచ్చి బాల్‌పెన్నుతో మచ్చ అంచు వెంట గీత గీయమని జగన్మోహన్‌ని అడిగింది.

"ఎందుకు?"

"పెరుగుతోందో లేదో తెలియాలిగా. మీరు లెక్కల మాస్టారు. కొలవండి."

ఆయన నవ్వి, మోకాళ్ల మీద కూర్చుని, ఓపిగ్గా గీశాడు. బుధవారం పొద్దున చూస్తే మచ్చ ఆ గీత దాటి వేలి మందాన బయటికి వచ్చింది. ఆమెకి మెడ పట్టేసింది, ఒళ్లు నొప్పులు, నూట ఒకటి జ్వరం.

"డాక్టర్ లోగన్ వెయిట్ చేయమన్నాడు కదా. బ్లడ్ రిపోర్ట్ రానీ" అన్నాడు జగన్మోహన్.

"రిపోర్ట్ వచ్చేదాకా ఇది ఆగుతుందా? గీత దాటి వచ్చింది మీ కళ్లెదురుగానే."

"ఊరికే మందులు మింగితే బేబీకి ఏమైనా అయితే?"

"మింగకపోతే అయితే?"

"నీకు ప్రతిదానికీ కంగారే" అని కాలేజీకి వెళ్లిపోయాడు. ఆ మాటకి ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. డొరొతీ ఇచ్చిన నంబరు తీసి న్యూ హేవెన్‌లోని యూనివర్సిటీ క్లినిక్‌కి ఫోన్ చేసింది. కీళ్ల జబ్బుల స్పెషలిస్టులు లైమ్ రోగుల్ని చూసేది అక్కడే. జూలై నెలాఖరు దాకా ఖాళీ లేదన్నారు. "ఎవరైనా రాకపోతే పిలవండి. నేను గంటలో వస్తాను" అంది. గురువారం మళ్లీ చేసింది. శుక్రవారం మళ్లీ. ఎనిమిదింటికి క్లినిక్ తలుపు తీయగానే మొదట మోగేది ఆమె ఫోనే.

మొదటి రోజే అక్కడి నర్సు ఒక ప్రశ్న అడిగింది. "పెన్సిలిన్ పడదంటున్నావు. తీసుకుంటే సరిగ్గా ఏమైంది? దద్దుర్లా? ఊపిరి ఆడలేదా?"

శశికళకి తెలియదు. ఏడేళ్లప్పటి సంగతి. ఇంజెక్షన్ చేయించుకుని పడిపోయిందని అమ్మ చెప్పేది. ఆ తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అమ్మ ముందే "మా అమ్మాయికి పెన్సిలిన్ పడదండీ" అనేది. కాలేజీ ఫారాల్లో, వీసా మెడికల్‌లో, అమెరికా ఆసుపత్రుల్లో శశికళ అదే రాస్తూ వచ్చింది.

తెనాలిలో అమ్మ నాగమణికి ఫోను లేదు. పక్కింటి ప్లీడరు గారి నంబరుకి చేసి పిలిపించాలి. గురువారం పొద్దున ఏడింటికి, అంటే అక్కడ సాయంత్రం నాలుగున్నరకి, లైను కలిసింది. తీగ చివరిదాకా నడుస్తూ, తిరుగుతూ అడిగింది.

"అమ్మా, చిన్నప్పుడు నాకు పెన్సిలిన్ ఇచ్చినప్పుడు ఏమైంది?"

"ఇప్పుడదెందుకే? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. చెప్పు. దద్దుర్లు వచ్చాయా? ముఖం వాచిందా?"

"కాలి గోరు చీము పట్టింది. మీ తాతయ్య నిన్ను సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేను చూడలేదమ్మాయీ. భుజాన వేసుకుని తెచ్చాడు, ఒళ్లంతా చల్లబడిపోయి. ఆ కాంపౌండరు కొండల్ రావే చెప్పాడట, పడలేదని."

"ఆయన ఉన్నాడా?"

"ఉన్నాడు. గంగానమ్మపేటలో కూతురి దగ్గర."

"శనివారం ఇదే టైముకి ఆయన్ని ప్లీడరు గారింటికి తీసుకురా. మర్చిపోకు."

ఆ రెండు రోజులూ జ్వరం వస్తూ పోతూ ఉంది. నర్సరీకి వెళ్లవద్దని జగన్మోహన్ అన్నా వెళ్లింది. ఇంట్లో ఉంటే కడుపు మీద చెయ్యి వేసుకుని బిడ్డ కదలికల కోసం కాచుకు కూర్చోవడమే పని అయ్యేది. శుక్రవారం రాత్రి జగన్మోహన్ అడక్కుండానే మళ్లీ కొలిచాడు. మొదటి గీతకి బయట రెండోది గీశాడు. "సోమవారం సెలవు పెడతాను. వాళ్లు పిలవకపోయినా వెళ్లి కూర్చుందాం" అన్నాడు.

శనివారం కొండల్ రావు లైన్లోకి వచ్చాడు. డెబ్బై దాటిన గొంతు, గట్టిగా అరుస్తున్నాడు.

"ఎవరమ్మా, నాగమణి గారి రెండో అమ్మాయివా? బాగున్నావా తల్లీ?"

"బాబాయిగారూ, నాకు పెన్సిలిన్ పడలేదని ఆ రోజు మీరే చెప్పారట. ఏం జరిగిందో గుర్తుందా?"

"పడకపోవడమేమిటి, అసలు పొడిస్తే కదా! నేను మందు ఎక్కిస్తుంటే సూది చూసి ధబేలున పడిపోయావు."

"మరి పడలేదని ఎందుకు చెప్పారు?"

కొండల్ రావు గొంతు తగ్గించాడు.

"మీ తాతగారు పిల్లని ఏం చేశావురా అని మీదికొచ్చారు. సూదికి భయపడిందంటే వినే మనిషి కాదు. మందు పడలేదని ఆయనే అనుకున్నారు. నేను ఔనన్నాను. నా తప్పే తల్లీ."

శశికళ నడక ఆపింది. "మీకు ఖాయంగా గుర్తుందా బాబాయిగారూ? ఆ పడ్డది నేనేనా?"

"పాతికేళ్ల మాట. ఎన్ని వందల మందికి పొడిచానో. నువ్వేననుకుంటున్నాను."

ఫోను పెట్టేశాక ఆమె జగన్మోహన్ వైపు చూసింది. "అనుకుంటున్నాడట" అంది. వారమంతా ఆమె వెతికిన తాళం చెవి దొరికింది, కానీ అది ఈ తాళానిదో కాదో చెప్పేవాళ్లు లేరు.

సోమవారం ఎనిమిదింబావుకి క్లినిక్ నుంచి వాళ్లే ఫోన్ చేశారు. పదకొండు గంటల రోగి రావడం లేదు. ముప్పావు గంట ప్రయాణం. జగన్మోహన్ జీవితంలో మొదటిసారి గంటకి అరవై ఐదు మైళ్ల వేగం దాటి డ్రైవ్ చేశాడని శశికళ ఇప్పటికీ చెబుతుంది.

స్పెషలిస్టు డాక్టర్ వెబర్ పొట్టి మనిషి, కళ్లజోడు గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. శశికళని బల్ల మీద కాకుండా కిటికీ దగ్గర నిలబెట్టి పగటి వెలుతురులో చూసింది. మచ్చ మీద వేళ్ల వెనక వైపు ఆనించి వెచ్చదనం చూసింది. రెండు గీతలనీ చూసి, "ఇవెవరు గీశారు?" అని అడిగింది.

"ఈయన."

"మంచి పని చేశారు. ఈ రంగు చర్మం మీద నేను చూసినవి రెండో మూడో. పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లవాళ్లవే. మీ డాక్టరు పోల్చుకోలేకపోవడంలో వింత లేదు. ఇది లైమ్ మచ్చే అని నా నమ్మకం. వారంలో ఇంత పెరిగే తామర ఉండదు."

"మరి రక్తం రిపోర్ట్?" అన్నాడు జగన్మోహన్.

"ఇంత తొందరలో తరచు ఏమీ కనిపించదు. లేదని వస్తే లేదని అర్థం కాదు. మందు ఇప్పుడే మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైతే గుండెకీ, నరాలకీ, కీళ్లకీ పోవచ్చు."

"బిడ్డకి?" అంది శశికళ.

డాక్టర్ వెబర్ కళ్లజోడు తీసింది. "నిజం చెబుతాను. మాకు తెలిసింది చాలా తక్కువ. మందు తీసుకోని తల్లుల విషయంలో ఒకటి రెండు చెడు సంగతులు విన్నాం. ఎంతమందిలో అలా అవుతుందో ఎవరికీ తెలియదు. చాలామంది పిల్లలు బాగానే పుట్టి ఉండవచ్చు. ఏమీ కాదని నేను మాట ఇవ్వలేను, ఏదో అవుతుందని భయపెట్టనూలేను."

తర్వాత దారులు చెప్పింది. ఎరిత్రోమైసిన్ గర్భిణికి ఇవ్వవచ్చు, పెన్సిలిన్ అంత నమ్మకమైంది కాదు. కొండల్ రావు మాట నిజమైతే పెన్సిలిన్ అన్నిటికంటే మంచిది. అబద్ధమైతే ప్రాణం మీదికి రావచ్చు. ఆ ముసలాయన జ్ఞాపకం మీద ఆధారపడనక్కర్లేదు, చర్మం మీద పరీక్ష చేసి చూడవచ్చు. ఆసుపత్రిలో, అన్నీ దగ్గర పెట్టుకుని. అందులోనూ కొంత ప్రమాదం ఉంది.

"మీరైతే ఏం చేస్తారు?" అంది శశికళ.

"పరీక్ష చేయించుకుంటాను. కానీ ఒళ్లు మీది. బయట కూర్చుని మాట్లాడుకుని రండి."

వాళ్లు కారిడార్‌లోకి వచ్చారు. జగన్మోహన్ కూర్చున్నాడు. ఆమె ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. మూడోసారి తిరిగి వచ్చేటప్పటికి ఆయన లేచి ఆమెతో పాటు నడవడం మొదలుపెట్టాడు.

"పోయినసారి నేనే ఆగమన్నాను" అన్నాడు. రెండేళ్లలో ఆయన ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. "ఈసారి నువ్వేదంటే అది. నేను కూడా ఉంటాను."

"నాకూ భయమే" అందామె. "కానీ చేతులు కట్టుకుని కూర్చుని భయపడలేను. చేయించుకుందాం."

పరీక్ష ఆ మధ్యాహ్నమే చేశారు. ముంజేతి మీద సన్నగా గీరి చుక్క వేశారు. పావుగంట కదలకుండా కూర్చోమంది నర్సు. శశికళకి అదే పెద్ద శిక్ష. ఏమీ పొంగలేదు. తర్వాత చర్మం కింద సూదితో మరో చుక్క. అదీ పొంగలేదు. మాత్రలో చిన్న ముక్క మింగించి గంట చూశారు. చివరికి నాలుగింటికి పూర్తి మాత్ర ఇచ్చి, ఇంకా రెండు గంటలు ఉంచుకుని పంపారు. రోజుకి నాలుగు మాత్రలు, మూడు వారాలు. పంపే ముందు డాక్టర్ వెబర్ ఒక మాట చెప్పింది. క్రిములు చస్తున్నప్పుడు మొదటి రోజు జ్వరం పెరగవచ్చు, మచ్చ ముదరవచ్చు. దానికి భయపడవద్దు. దద్దుర్లు లేచినా, పెదాలు వాచినా, ఊపిరి బరువైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. కారు దిగుతుంటేనే వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. నూట మూడు. మచ్చ పండిన నేరేడు పండు రంగుకి తిరిగింది. అంతదాకా నిబ్బరంగా ఉన్న జగన్మోహన్ కారు తాళాలు అందుకున్నాడు.

"ఇది అలర్జీయే. హాస్పిటల్‌కి పోదాం పద."

"ఆగండి. లైటు వేయండి. నా మెడ మీద, వీపు మీద దద్దుర్లున్నాయా చూడండి."

"లేవు."

"పెదాలు?"

"మామూలుగానే ఉన్నాయి."

ఆమె గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది, ఒకటికి మూడుసార్లు. ఆడుతోంది. క్లినిక్‌లో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేయమంది. డ్యూటీలో ఉన్న డాక్టరు అవే ప్రశ్నలు అడిగి, టైలెనాల్ అనే జ్వరం మాత్ర వేసి నీళ్లు బాగా తాగమని, అరగంటకోసారి చూస్తూ ఉండమని చెప్పాడు. జగన్మోహన్ గడియారం ముందు పెట్టుకుని కాగితం మీద జ్వరం రాస్తూ కూర్చున్నాడు. తొమ్మిది దాటాక చెమట పట్టింది. పక్క తడిసిపోయింది. నూట ఒకటికి దిగింది. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. శశికళ అప్పుడు ఏడ్చింది.

బుధవారానికి మెడ వదిలింది. మచ్చ మధ్యలోంచి పలచబడుతూ పదిరోజుల్లో మాయమైంది. అన్నట్టుగానే రెండు వారాలకి డాక్టర్ లోగన్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రక్తంలో లైమ్ లేదు.

"లేదట శశీ" అన్నాడు జగన్మోహన్. "ఇంక మాత్రలు మానేద్దామా?"

ఆమె కూడా ఆ ఫోన్ పట్టుకుని చాలాసేపు నడిచింది. లేని జబ్బుకి కడుపులో బిడ్డతో ఇంత మందు మింగుతున్నానా అన్న ఆలోచన ఆమెని కుదిపింది. డాక్టర్ వెబర్‌కి ఫోన్ చేస్తే, "అలా వస్తుందని ముందే చెప్పానుగా. నా కళ్లతో చూసింది ఆ కాగితం కంటే నాకు ఎక్కువ. కోర్సు పూర్తి చెయ్యి" అంది. పూర్తి చేసింది. ఒక్క మాత్ర తప్పలేదు. కానీ ప్రతి మాత్రా అనుమానంతోనే మింగింది.

అక్టోబర్ మూడో వారంలో ఆడపిల్ల పుట్టింది, ఆరున్నర పౌన్లు. గుండె, కళ్లు, కీళ్లు అన్నీ ప్రత్యేకంగా చూశారు. మాయ కూడా పరీక్షకి పంపారు, ఏ క్రిమీ కనిపించలేదు. మీనా అని పేరు పెట్టారు.

డాక్టర్ లోగన్ మర్నాడు గదికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "నేనైతే ఆగేవాణ్ణి. అది లైమ్ అవునో కాదో నాకిప్పటికీ తెలియదు. కానీ ఆ రోజే నిన్ను వాళ్ల దగ్గరికి పంపాల్సింది. ఆ మచ్చని నేను పోల్చుకోలేకపోయాను" అన్నాడు.

"నాకూ తెలియదు డాక్టర్" అంది శశికళ.

ఆ తర్వాత కూడా ఆమె నర్సరీ మానలేదు. ప్యాంటు కాళ్లు సాక్సుల్లోకి దోపుకుని వెళుతుంది, ఇంటికి రాగానే బట్టలు విప్పి ఒళ్లంతా చూసుకుంటుంది. మీనా ఆలస్యంగా నడిచినప్పుడు, ఒకసారి మోకాలు నొప్పి అన్నప్పుడు ఆమె పిల్లని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. రెండుసార్లూ ఏమీ లేదని తేలింది. మందు వల్ల తల్లీ పిల్లా బాగున్నారా, మందు లేకపోయినా బాగుండేవాళ్లా అని నేనడిగితే, "అది తేలదు. తేలదని తెలిసే చేశాను" అని చెప్పి, వాకిట్లో ఆడుతున్న పిల్లని పిలవడానికి లేచి వెళ్లింది.